చిన్న పనే కదా



పోయిన వారం ఒక సాయంత్రం రాయదుర్గం మెట్రో స్టేషన్ కింద టీ తాగుతున్నాను. ఆఫీసులు వదిలే వేళ. మెడలో ఐడీ కార్డులు వేలాడుతూ జనం ఎడతెగకుండా వచ్చిపోతున్నారు. అంతలో ఒక అమ్మాయి వచ్చి పలకరించింది. రెండేళ్ల కింద నేనొక కాలేజీలో తెలుగు అక్షరాల డిజైన్ గురించి పాఠం చెప్పినప్పుడు ముందు బెంచీలో కూర్చున్న పిల్ల. వనపర్తి దగ్గర పల్లె. ఇప్పుడు మాదాపూర్ హాస్టల్లో ఉంటూ ఫ్రీలాన్స్ పనులు చేసుకుంటోంది. "మేడమ్, ఒక్కసారి ఇది చదువుతారా?" అని ఫోను నా చేతికిచ్చింది.

వాట్సాప్‌లో ఒక స్టార్టప్ పెద్దమనిషి పంపిన మెసేజీ అది. పింఛను వివరాలు చూసుకునే కొత్త యాప్ తెస్తున్నారట. లోగో కావాలి, యాప్‌కు 12 స్క్రీన్లు కావాలి, పెట్టుబడిదారులకు చూపించే ప్రెజెంటేషన్ కావాలి. 10 రోజుల్లో అన్నీ కావాలి. చివర ఇలా రాశాడు: "ప్రస్తుతానికి బడ్జెట్ లేదమ్మా. నీకు మంచి ఎక్స్‌పోజర్ వస్తుంది. ఫండింగ్ రాగానే నిన్ను చూసుకుంటాం." దాని కిందే ఇంకో మెసేజీ: "అయినా నీకు చిన్న పనే కదా."

"ఏం రాయమంటారు మేడమ్?" అంది. నేను వెంటనే చెప్పలేకపోయాను. ఇరవై ఏళ్లకు పైగా ఇదే పనిలో ఉన్నాను. ఈ అడగడం నాకు కొత్త కాదు. కొన్నిసార్లు ఊరికే చేసిచ్చి సంతోషపడ్డాను, కొన్నిసార్లు చేసిచ్చి కుమిలిపోయాను. ఆ తేడా ఎక్కడుందో ఆ పిల్లకు రెండు ముక్కల్లో చెప్పడం నా వల్ల కాలేదు. ఇంటికి వెళ్లాక కూర్చుని రాసుకున్నదే ఇప్పుడు మీకు వినిపిస్తున్నాను.

ముందు ఈ ఊరి సంగతి. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించినప్పుడు మాదాపూర్ చుట్టూ బండరాళ్లే ఎక్కువ. తర్వాత వచ్చినవన్నీ మీరు చూసినవే. 2015 నవంబరు 5న గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ఆవరణలో, స్టార్టప్‌లకు చోటిచ్చే టీ-హబ్ మొదలైంది. 2022 జూన్ 28న రాయదుర్గంలో దానికి పెద్ద భవనం వచ్చింది. ఉద్యోగాల కోసం వచ్చేవాళ్ల ఊరు, సొంత కంపెనీ పెట్టేవాళ్ల ఊరు కూడా అయింది. ఆ పిల్లల ధైర్యం నాకిష్టం. మంచి జీతం వదులుకుని ఒక ఆలోచన వెంట పడ్డవాళ్లను తప్పుపట్టడానికి నేనిక్కడికి రాలేదు. వాళ్ల చేతిలో డబ్బు నిజంగానే ఉండదు, అదీ తెలుసు.

కానీ ఒక కంపెనీ పుట్టిన మొదటి నెల ఖర్చులు చూడండి. కూర్చునే బల్లకు అద్దె కడతారు. రిజిస్ట్రేషన్ చేసిన సీఏకు ఫీజిస్తారు. సర్వర్ డబ్బు కార్డులోంచి తారీఖు తప్పకుండా కట్టవుతుంది. టీ బండి ఖాతా వారం వారం తీరుతుంది. వీళ్లలో ఒక్కరిని కూడా "మీకు పేరొస్తుంది, ఊరికే ఇవ్వండి" అని అడగరు. అడగాలన్న ఊహే రాదు. బొమ్మ గీసే మనిషి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ మాట అలవోకగా వచ్చేస్తుంది.

ఎందుకని చాలాసార్లు ఆలోచించాను. మా పనికి సరుకు కనబడదు. ఇటుక లేదు, సిమెంటు లేదు, ఒక లాప్‌టాప్, ఒక మనిషి. పైగా ఆ మనిషి ఇష్టంగా చేస్తోంది కాబట్టి అది ఆటలాంటిదే అనుకుంటారు. అన్నిటికంటే పెద్ద కారణం ఇంకోటుంది. మంచి డిజైన్ పూర్తయ్యాక ఎంత తేలిగ్గా కనిపిస్తుందంటే, అందులో పడ్డ కష్టం కంటికి ఆనదు.

ఆ 12 స్క్రీన్ల సంగతే తీసుకోండి. అందులో సగం తెలుగులో కూడా ఉండాలట. ఇంగ్లీషు అక్షరాలు ఒక గీత మీద బుద్ధిగా కూర్చుంటాయి. మన అక్షరం అలా కూర్చోదు. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరం రాయండి: సకారం, దానికి తకారం వత్తు, రేఫ వత్తు, పైన గుడి దీర్ఘం. ఇంగ్లీషుకు సరిపోయే ఎడంలో దీన్ని పెడితే పై వరుస వత్తులు కింది వరుస తలకట్టుల్లో గుచ్చుకుంటాయి. ఎడం పెంచితే స్క్రీన్ పొడుగు చాలదు. 'సబ్మిట్' అని ఉన్న మీటలో 'సమర్పించండి' పట్టదు, మాట విరిగి రెండు ముక్కలవుతుంది. అక్షరం చిన్నది చేస్తే తక్కువ ధర ఫోనులో 'ప'కూ 'ష'కూ తేడా తెలియదు, 'ద'కూ 'ధ'కూ తేడా తెలియదు. పింఛను వివరాలు చూసుకునే ముసలాయన ఆ యాప్‌ను ఎండలో నిలబడి చదవాలి. అందుకని మూడు నాలుగు రకాల ఫోన్లలో, వెలుతురులో, నీడలో పెట్టి చూడాలి, మళ్లీ మార్చాలి. ఇవన్నీ చేశాక అది చూసి ఎవరూ ఏమీ అనరు. చదువుకుని వెళ్లిపోతారు. అలా ఎవరూ ఏమీ అనకపోవడమే మా గెలుపు. ఆ గెలుపు వెనకున్న పది రోజుల పనినే ఆయన చిన్న పని అన్నాడు.

నాకీ పని మా నాయన నుంచి వచ్చింది. ఆయన సూర్యాపేటలో బోర్డు ఆర్టిస్టు. విజయవాడ రోడ్డు మీద తిరిగే లారీల వెనక రాతలు, కిరాణా కొట్ల బోర్డులు, ఎన్నికలప్పుడు గోడల మీద పేర్లు. అడుగు లెక్కన రేటు. సుద్ద రాసిన దారం ఒక కొస నేను పట్టుకుంటే, రెండో కొస ఆయన పట్టి లాగి వదిలేవాడు. రేకు మీద తెల్లటి గీత పడేది. ఆ గీత మీద అక్షరాలు నిలబెట్టేవాడు. ఒక మనిషి కష్టానికి లెక్క ఉంటుందని నేను ఏ బడిలోనూ నేర్చుకోలేదు, ఆ దారం పట్టుకునే నేర్చుకున్నాను.

ఒకసారి ఒక చిట్టీల వ్యాపారి వచ్చాడు. పెద్ద బోర్డు కావాలి. "కింద నీ పేరు రాసుకో, నలుగురు చూసి నిన్నే పిలుస్తరు, పైసలెందుకు?" అన్నాడు. నాయన బ్రష్ కడుగుతూనే, "మీ బోర్డు మీద నా పేరు రాసుకుంటే మీకు నేను కిరాయి ఇయ్యాల్నా సేటూ?" అని అడిగాడు. ఆయన వెళ్లిపోయాడు. ఆ రోజు ఇంట్లో డబ్బుకు ఇబ్బందిగానే ఉంది, అమ్మ ముఖం నాకింకా గుర్తుంది.

అదే మనిషి ఎండాకాలం సెలవుల్లో మా బడి గోడ మీద అక్షరమాల మొత్తం రాశాడు. పైసా తీసుకోలేదు. హెడ్మాస్టరు గారితో ముందే చెప్పాడు: "కూలి వద్దు సార్. రంగు డబ్బాలు మాత్రం మీరే తేవాలె. సెలవులల్లనే రాస్త. ఏమేం రాయాల్నో కాగితం మీద రాసి సంతకం పెట్టియ్యండి, గోడ మీద ఎక్కినంక మార్చ." ఊరి గ్రంథాలయం బోర్డు కూడా అట్లాగే రాసిచ్చాడు. వాళ్లు ఆయనకు చందా లేని సభ్యత్వం కార్డు ఇచ్చారు. ఆ కార్డు మీదే నేను చదువుకున్నాను.

ఊళ్లల్లో ఒకప్పుడు 'మేర' అని ఉండేది. కమ్మరి, వడ్రంగి ఏడాది పొడుగునా నాగళ్లు, కర్రులు బాగుచేసిపెట్టేవారు. పంట చేతికొచ్చినప్పుడు కళ్లంలోనే వాళ్ల భాగం గింజలు కొలిచి ఇచ్చేవారు. ఆ ఏర్పాటులో కులం ఉంది, ఎక్కువతక్కువలు ఉన్నాయి, దాన్ని తిరిగి తెమ్మని నేననడం లేదు. కానీ నాగలి చెక్కినవాడి భాగం తీయకుండా ధాన్యం ఇంటికి తోలుకుపోవడం తప్పు అన్న ఎరుక ఆ కళ్లంలో ఉంది. మన స్టార్టప్‌ల కళ్లంలో ఆ ఎరుక ఇంకా రాలేదు.

"చేతిలో డబ్బు లేదు, వాటా ఇస్తాం" అనేవాళ్లుంటారు. ఈ మాటకు వెనక ఒక కథ ఎప్పుడూ తిరుగుతూ ఉంటుంది. 2005లో డేవిడ్ చో అనే చిత్రకారుడు ఫేస్‌బుక్ ఆఫీసు గోడల మీద బొమ్మలు వేసి, డబ్బుకు బదులు షేర్లు తీసుకున్నాడు. 2012లో కంపెనీ మార్కెట్‌కు వచ్చేసరికి వాటి విలువ దాదాపు 20 కోట్ల డాలర్లని లెక్కకట్టారు. కథ నిజమే. కానీ ఆయన చేతికి వచ్చింది షేర్లు, ఫోనులో ఒక హామీ కాదు. మన దగ్గర కంపెనీల చట్టం ప్రకారం ఈసాప్‌లనే షేర్ల హక్కులు ఉద్యోగులకు ఇచ్చేవి, స్వెట్ ఈక్విటీ అనే షేర్లు డైరెక్టర్లకు, ఉద్యోగులకు ఇచ్చేవి. బయటినుంచి పని చేసిపెట్టే ఫ్రీలాన్సర్‌కు వాటా ఇవ్వాలంటే విలువ కట్టించాలి, తీర్మానాలు చేయాలి, కాగితాలు నడపాలి. అవేవీ లేకుండా "రెండు శాతం నీదే" అంటే, అది పెట్టుబడి కాదు, ఓదార్పు. నిజంగా ఇవ్వదలిస్తే ఇవాళే కాగితం మీద రాయండి. రాయడానికి చేయి రాకపోతే ఎందుకు రావడం లేదో మీరే ఆలోచించుకోండి.

1971లో కరోలిన్ డేవిడ్‌సన్ అనే విద్యార్థిని నైకీకి ఆ వంపు గుర్తు గీసిచ్చి 35 డాలర్లు తీసుకుంది. చిన్న మొత్తమే. కానీ కంపెనీ బుడిబుడి అడుగులు వేసే రోజుల్లో కూడా ఆ పనికి ఒక ధర ఉందని ఒప్పుకున్నారు. 1983లో వాళ్లే ఆమెను పిలిచి ఉంగరం, కొన్ని షేర్లు ఇచ్చారు. చిన్న ధరకు పని చేయడం తప్పని నేనెప్పుడూ అనను. కొత్తగా మొదలుపెట్టిన వాళ్లకు నేనూ సగం ధరకే చేస్తుంటాను. ధర సగమైనా అది ధరే. దాని మీద బేరం ఆడవచ్చు, పని తగ్గించవచ్చు, వాయిదాలు వేయవచ్చు. సున్నా దగ్గర ఇవేవీ కుదరవు. సున్నాకు చేసిన పనిలో మార్పులు ఎన్నిసార్లు అడిగినా ఖర్చు పెరగదు కాబట్టి అడుగుతూనే ఉంటారు.

ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో 'టాస్క్' అని ఒకటుంది. ఈ దారిలో తిరిగే డిజైనర్లందరికీ తెలుసు. "మా యాప్ హోమ్ పేజీని 48 గంటల్లో మళ్లీ డిజైన్ చేసి పంపండి, చూసి చెబుతాం." 2009లో ఒక కంపెనీకి నేనలాగే రెండు రాత్రులు నిద్రపోకుండా చేసి పంపాను. జవాబు లేదు. మూడు నెలల తర్వాత కొత్తగూడ చౌరస్తాలో ఆగి ఉన్న సిటీ బస్సు వెనక నా గీత కనిపించింది. రంగు మార్చారు, అక్షరాల అమరిక నాదే. బస్సు కదిలేదాకా అలాగే నిలబడ్డాను. పంపిన రోజున ఒక్క మాట కూడా రాసి పెట్టుకోలేదు నేను. అడగడానికి ధైర్యం కూడా రాలేదు, ఈ వీధుల్లోనే ఇంకో ఉద్యోగం వెతుక్కోవాలి కదా అనిపించింది.

అప్పుడు నాకు తెలియని సంగతి ఇప్పుడు పిల్లలందరికీ చెబుతున్నాను. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం గీసిన బొమ్మకు మొదటి హక్కుదారు సాధారణంగా గీసినవారే. ఉద్యోగంలో ఉండి చేసిన పనైతే యజమానిది. బయటి మనిషి చేసిన పని మీద హక్కు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా, సంతకంతో రాసివ్వాలి. అలా రాసిచ్చినా, ఎన్నాళ్లకో రాయకపోతే 5 ఏళ్లకే అని, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే అని చట్టమే చెబుతుంది. డబ్బివ్వకుండా, కాగితం రాయకుండా లోగో తీసుకున్న కంపెనీ తన ముఖాన్నే అప్పు తెచ్చుకున్నట్టు. రేపు పెట్టుబడిదారుడి వకీలు వచ్చి "ఈ లోగో మీదేనా, కాగితం చూపండి" అంటే చూపడానికి ఏమీ ఉండదు. కంపెనీ పెట్టిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నేను ముందు చెప్పేది ఇదే. మాకు డబ్బివ్వడం మీకూ రక్షణే.

డబ్బు ఒప్పుకుని ఎగవేసేవాళ్ల సంగతి వేరు. దానికీ ఒక దారుంది. ఫ్రీలాన్సర్ కూడా ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా నమోదు చేసుకోవచ్చు. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం అలాంటి సంస్థకు ఒప్పందంలో ఎంత గడువు రాసుకున్నా 45 రోజులు దాటకూడదు. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. చాలామంది డిజైనర్లకు ఈ సంగతి తెలియదు.

ఉచిత పనిలో నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇంకొకటి. ఊరికే పని చేయగలిగేది ఎవరు? సొంత ఇల్లు ఈ ఊళ్లోనే ఉన్నవాళ్లు, వేళకు అమ్మ అన్నం పెట్టేవాళ్లు, ఆరు నెలలు సంపాదన లేకపోయినా గడిచేవాళ్లు. వాళ్లు ఆరు నెలలు ఊరికే పనులు చేసి పోర్ట్‌ఫోలియో నింపుకుంటారు. తర్వాత ఆ పోర్ట్‌ఫోలియో చూసి ఉద్యోగం ఇస్తారు. వనపర్తి పిల్ల నెలకు 8,000 హాస్టల్‌కు కట్టాలి, తమ్ముడి చదువుకు పంపాలి. ఆమె ఆ ఆరు నెలలు ఎక్కడి నుంచి తేవాలి? ఇద్దరి చేతిలో ఉన్న విద్య ఒకటే. ఉచిత పని అనేది ఈ వృత్తి గుమ్మం దగ్గర వసూలు చేసే రుసుము అయిపోయింది, అది కట్టలేనివాళ్లు బయటే నిలబడిపోతున్నారు. ఊళ్ల నుంచి, బోర్డు ఆర్టిస్టుల ఇళ్ల నుంచి, నేతగాళ్ల ఇళ్ల నుంచి వచ్చే పిల్లలు వెనక్కి మళ్లితే ఈ నగరంలో తయారయ్యే యాప్‌లన్నీ ఒకే రకం ఇళ్ల కళ్లతోనే ఉంటాయి.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పాలి. 2013లో నా చిన్న స్టూడియోలో ఒక అబ్బాయిని మూడు నెలలు జీతం లేకుండా ఇంటర్న్‌గా పెట్టుకున్నాను. నేర్పిస్తున్నాను కదా అనుకున్నాను. ఒక రోజు వాడు మధ్యాహ్నం భోజనానికి దిగకుండా ఆకలి లేదంటూ బల్ల దగ్గరే కూర్చున్నాడు. రెండో రోజూ అంతే. మూడో రోజు గాని నాకు అర్థం కాలేదు. ఆ మూడు నెలల డబ్బు లెక్కకట్టి ఇచ్చాను, కానీ ఆ రెండు మధ్యాహ్నాలు నా మనసులోంచి పోలేదు. ఆ తర్వాత జీతం లేకుండా ఎవరినీ కూర్చోబెట్టలేదు.

మా తెలంగాణలో 'వెట్టి' అనే మాట ఉంది. దాని వెనక నెత్తురుంది, పోరాటం ఉంది. మన రాజ్యాంగం 23వ అధికరణంలో వెట్టిని నిషేధించింది. ఎవరైనా ఆవేశంలో డిజైనర్ల ఉచిత పనిని ఆ మాటతో పిలిస్తే నేను ఒప్పుకోను. లాప్‌టాప్ ముందు కూర్చున్న మన కష్టాన్ని గడీ ముందు వంగిన నడుములతో పోల్చడం ఆ మనుషుల పట్ల అన్యాయం. మనకు వద్దనే వీలుంది. ఆ వీలును వాడుకోవడం ఎట్లాగో పిల్లలకు నేర్పాలి, అంతే.

సరే, వ్యాపారాల సంగతి అయింది. మంచి పనుల సంగతేమిటి? చెరువు కాపాడుకుందామనేవాళ్లు, రక్తదానం శిబిరం పెట్టేవాళ్లు, అనాథ పిల్లల హాస్టల్ నడిపేవాళ్లు వచ్చి పోస్టర్ అడిగితే? నేను చేస్తాను. చేయాలనే అంటాను. ఈ విషయంలో మన తెలుగువాళ్లకు ఒక పెద్ద మనిషి ఉన్నాడు.

పింగళి వెంకయ్య గారు. 1876 ఆగస్టు 2న మచిలీపట్నం దగ్గర భట్లపెనుమర్రులో పుట్టారు. దేశానికి ఒక జెండా కావాలని ఆయన్ని ఎవరూ పురమాయించలేదు. తనంతట తనే ఏళ్ల తరబడి ఆలోచించి, 1916లో 30 నమూనాలతో ఇంగ్లీషులో ఒక పుస్తకం వేశారు. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు జరిగినప్పుడు గాంధీజీ అడిగితే కొన్ని గంటల్లోనే ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద రాట్నం ఉన్న జెండా గీసిచ్చారు. తెలుపు తర్వాత చేరింది. ఆ 'కొన్ని గంటల' గురించి అందరూ ఆశ్చర్యంగా చెబుతారు. డిజైన్ పని చేసేవాళ్లకు అందులో ఆశ్చర్యం లేదు. ఆ గంటల వెనక ఐదేళ్లకు తక్కువ కాని సాధన ఉంది, ఆ పుస్తకమే సాక్ష్యం. 'చిన్న పనే కదా' అనిపించే ప్రతి పని వెనకా ఉండేది అదే.

ఆ జెండా రూపం మారుతూ వచ్చింది. 1947 జూలై 22న రాజ్యాంగ సభ రాట్నం స్థానంలో అశోక చక్రంతో ఇప్పటి త్రివర్ణాన్ని ఆమోదించింది. వెంకయ్య గారు ధర అడగలేదు, ఎవరి మీదా ఫిర్యాదు చేయలేదు. అది ఆయన ఇచ్చిన కానుక. అది నాకు అర్థమవుతుంది. నాకు మింగుడుపడనిది ఆయన చివరి రోజులు. పేదరికంలో గడిచాయి. 1963 జూలై 4న కన్నుమూశారు. ఆయన బొమ్మతో తపాలా బిళ్ల వచ్చింది 2009లో. ఇచ్చినవాడు లెక్క చూడకపోవడం ఆయన గొప్పతనం. పుచ్చుకున్నవాళ్లు లెక్క చూడకపోవడాన్ని ఆ పేరుతో పిలవలేం. మంచి పని కోసం ఉచితంగా గీయించుకునే ప్రతి సంస్థా ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలని నా కోరిక.

మనం ఈ రోజు కంప్యూటర్లో తెలుగు చదువుతున్నామంటే అందులోనూ ఇలాంటి కానుకలున్నాయి. తిరుమల కృష్ణ దేశికాచారి గారి పోతన, వేమన ఫాంట్లు ఎంతోమందికి మొదటి తెలుగు యూనికోడ్ అక్షరాలు. గుత్తుల పురుషోత్ కుమార్ గారు తీర్చిదిద్దిన మల్లన్న, మండలి, రామభద్ర, ఎన్టీఆర్ లాంటి ఫాంట్లను సిలికానాంధ్ర ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద విడుదల చేసింది. ఎవరైనా డబ్బు కట్టకుండా వాడుకోవచ్చు. నేను రోజూ వాడతాను. కానీ ఆ లైసెన్సు చదవండి. ఏం చేయవచ్చో రాసి ఉంది. ఏం చేయకూడదో రాసి ఉంది. ఫాంటును విడిగా అమ్ముకోకూడదని ఉంది, కాపీరైట్ ప్రకటన చెరిపేయకూడదని ఉంది. ఉచితం అంటే షరతులు లేవని కాదు. ఇచ్చేవారు ఆలోచించుకుని, షరతులు రాసుకుని, తమంతట తాము తెరిచిన తలుపు అది. నాయన హెడ్మాస్టరు గారి చేత పెట్టించుకున్న సంతకం లాంటిదే.

ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి మన హైదరాబాద్‌లో 1987 నుంచి పనిచేస్తోంది. డబ్బు కట్టలేనివాళ్లకు అదే నాణ్యతతో ఉచితంగా చికిత్స చేస్తారు. దాని వెనకున్న ఏర్పాటు చూడండి. కట్టగలిగినవాళ్లు కడతారు, దాతలు ఇస్తారు. రోగికి ఉచితం. ఆపరేషన్ చేసిన డాక్టరుకు, పక్కన నిలబడ్డ నర్సుకు నెల తిరిగేసరికి జీతం అందుతుంది. ఆ సేవ ఇన్నేళ్లు నిలబడిందంటే ఆ భారం ఏ ఒక్కరి కడుపు మీదా వేయకపోవడం వల్లే. పోస్టర్ గీసే మనిషి కడుపు మీద మాత్రం ఎందుకు వేస్తాం?

ఇంకో మాట చెప్పకపోతే మనసు ఒప్పుకోదు. పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలని 2013 నాటి కంపెనీల చట్టంలో ఉంది. అలాంటి కంపెనీ ఒకటి పేద పిల్లల కార్యక్రమానికి బ్యానర్లు ఊరికే చేసిపెట్టమని నన్ను అడిగింది. వేదికకు డబ్బుంది, పూలకు ఉంది, భోజనాలకు ఉంది, ఫొటోగ్రాఫర్‌కు ఉంది. పేద పిల్లల పేరు చెప్పి నా దగ్గర మిగుల్చుకున్న డబ్బు ఆ పిల్లల దాకా పోదని తెలుసు. చేయనన్నాను. అప్పుడు నేను కఠినురాలినని అనుకుని ఉంటారు.

నేను ఊరికే చేసే పనులకు ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఏడాదికి రెండు. ఏవో నేనే ఎంచుకుంటాను. పనికి ముందు ఒక పేజీ రాస్తాను: ఏం చేస్తాను, ఎప్పటికి ఇస్తాను, మార్పులు రెండుసార్లకు మించవు, ఒప్పుకోవాల్సిన మనిషి ఒక్కరే, ప్రింటింగ్ ఖర్చు మీదే. ఆ ఒక్కరే అన్న షరతు చాలా ముఖ్యం. కమిటీలో ఏడుగురుంటే ఏడు రంగులు అడుగుతారు. పని అయ్యాక బిల్లు పంపిస్తాను. అందులో పూర్తి ధర వేస్తాను, ఉదాహరణకు 40,000 రూపాయలు. దాని కింద తగ్గింపు 40,000. చెల్లించవలసినది 0. మొదటిసారి ఇలా పంపినప్పుడు ఒక చిన్న స్కూలు నడిపే అక్క ఫోన్ చేసి, "ఇంత ఇచ్చారా మీరు మాకు? నాకు తెలియనే తెలియదు" అంది. ఆ తర్వాత ఆ స్కూలు వార్షికోత్సవాల ఖర్చుల్లో డిజైన్‌కు ఒక వరుస వచ్చి చేరింది. ఇప్పుడు అక్కడ పని చేసే కుర్రవాడికి డబ్బు అందుతోంది.

న్యూయార్క్ రాష్ట్రం కోసం మిల్టన్ గ్లేజర్ 1977లో ఎర్ర గుండె గుర్తు ఊరికే గీసిచ్చాడు. అప్పటికి ఆయనకు పేరుంది, స్టూడియో ఉంది, ఆ నగరమంటే ప్రాణం. ఆయన ఇచ్చింది చూపించి, హాస్టల్ కిరాయి కట్టాల్సిన 23 ఏళ్ల పిల్లను నువ్వూ ఇవ్వమనడం కుదరదు. ఇవ్వడానికి ముందు కాళ్ల కింద నేల ఉండాలి. అయినా ఆ వయసులో ఇవ్వాలనిపిస్తే ఇవ్వాలి. ఆ మనసును చంపమని నేననను. ఆ వనపర్తి పిల్ల తన ఊరి బడి గోడకు ఈ ఎండాకాలం అక్షరమాల రాస్తానంది. మా నాయన అంకెలు రాసిన పాత నమూనా కాగితం ఒకటి నా దగ్గరుంటే ఫొటో తీసి పంపాను.

స్టార్టప్‌కు జవాబు ఆమే రాసుకుంది. నేను ఒక్క అక్షరం దిద్దలేదు. "నమస్తే సార్. లోగోకు ఇంత, ఒక్కో స్క్రీన్‌కు ఇంత. మీ దగ్గర ఇప్పుడు ఎంత ఉందో చెబితే దానికి సరిపోయే పని ముందు చేద్దాం. సగం అడ్వాన్సు. హక్కుల బదిలీ పూర్తి డబ్బు వచ్చాక." అని రాసింది. రెండు రోజులు జవాబు లేదు. ఆ రెండు రోజులూ నాకు ఫోన్ చేస్తూనే ఉంది, పని పోయిందేమో మేడమ్ అని. మూడో రోజు ఆయన రాశాడు. లోగో, నాలుగు స్క్రీన్లు ఇప్పుడు చేద్దాం, అడ్వాన్సు సోమవారం వేస్తాను అని.

"ఈలోగా కాస్త మొదలుపెట్టనా?" అని నన్ను అడిగింది. అడ్వాన్సు చేతిలో పడందే మా నాయన రంగు డబ్బా మూత తీసేవాడు కాదని చెప్పాను.

సోమవారం ఇంకా రాలేదు.